పరభాషకు తగిన ప్రాయం

పిల్లలకు పరభాషను ఏ వయసులో మొదలుపెట్టాలన్న ప్రశ్నకు 'మొక్కై వంగనిది మానై వంగునా' అన్న సామెతే సమాధానమని తెలుగు ఇళ్లలో చాలామంది భావిస్తారు. ఎంత ముందైతే అంత మంచిదన్న ఆ నమ్మకం అనాదిగా ఉన్నట్టు తోచినా, శాస్త్రం మాటగా అది చెలామణిలోకి వచ్చి ఇంకా డెబ్బై ఏళ్లు నిండలేదు. కెనడాలోని మాంట్రియల్‌లో మెదడు శస్త్రవైద్యుడైన వైల్డర్ పెన్‌ఫీల్డ్, మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్ ప్రవాహంతో తాకుతూ ఏ భాగం ఏ పని చేస్తుందో గుర్తించి పటాలు గీసినవాడు. లామార్ రాబర్ట్స్‌తో కలిసి 1959లో వెలువరించిన గ్రంథంలో ఆయన, తొమ్మిదేళ్లు దాటాక భాష విషయంలో మెదడు క్రమంగా బిగుసుకుపోతుందని, కనుక పరభాషలను అంతకుముందే మొదలుపెట్టాలని వాదించాడు. 1967లో ఎరిక్ లెనెబర్గ్ ఈ ఆలోచనకు జీవశాస్త్ర ప్రాతిపదికను సమకూర్చి, భాష సహజంగా అబ్బడానికి రెండేళ్ల వయసు నుంచి యౌవనారంభం వరకు ఒక 'కీలక దశ' ఉంటుందని ప్రతిపాదించాడు. కీలక దశ అంటే ఒక సామర్థ్యం అప్రయత్నంగా అలవడడానికి ప్రకృతి కేటాయించిన గడువు. అది దాటితే ఆ సామర్థ్యం అసలు రాకపోవచ్చు, వచ్చినా కష్టం మీద, అసంపూర్ణంగా రావచ్చు.

ఈ వాదానికి వచ్చినంత ప్రచారం అందులోని పరిమితికి రాలేదు. లెనెబర్గ్ ప్రధానంగా చర్చించినది మొదటి భాషను. మెదడు ఎడమభాగం దెబ్బతిన్న చిన్నపిల్లలు మాటను తిరిగి పొందుతుండగా పెద్దలు అంతగా పొందలేకపోవడం ఆయన చూపిన ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. తల్లి ఒడిలో అబ్బే భాషకు, వారానికి మూడు పీరియడ్లలో చెప్పే ఫ్రెంచికి మధ్య ఉన్న అగాధాన్ని ఒక్క గెంతులో దాటినవారు శాస్త్రజ్ఞుల కంటే ఎక్కువగా విద్యాశాఖలు, బడి యాజమాన్యాలు, తల్లిదండ్రులే. దక్షిణ కొరియా 1997 నుంచి మూడో తరగతిలోనే ఇంగ్లీషు ప్రారంభించింది. పిల్లలకు బాగా చిన్న వయసు నుంచే కనీసం రెండు పరభాషలు నేర్పాలని 2002లో బార్సిలోనాలో సమావేశమైన ఐరోపా దేశాధినేతలు పిలుపునిచ్చారు. జపాన్ 2020 నుంచి మూడో తరగతిలో పరభాషా పరిచయాన్ని, ఐదో తరగతిలో దానిని పూర్తిస్థాయి పాఠ్యవిషయంగా ప్రవేశపెట్టింది. ఈ పరుగులో శాస్త్రం పాలెంతో, పక్కవాళ్లు ముందుకు పోతారేమోనన్న బెంగ పాలెంతో తేల్చడం సులభం కాదు.

నమ్మకం పూర్తిగా నిరాధారమనడానికీ వీలులేదు. ధ్వనుల విషయంలో దానికి గట్టి ఆధారమే ఉంది. నాలుక కొన పైపళ్లను తాకగా పుట్టే తకారం దంత్యమని, నాలుక వెనక్కి మడిగి అంగిటిని తాకగా పుట్టే టకారం మూర్ధన్యమని తెలుగు వ్యాకరణం చదివినవారికి తెలిసినదే. ఇంగ్లీషు మాత్రమే తెలిసిన పెద్దలకు ఈ రెండూ ఒక్కటిగానే వినిపిస్తాయి. జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే కెనడా పరిశోధకులు 1984లో ప్రచురించిన ప్రయోగంలో, ఇంగ్లీషు ఇళ్లలో పెరుగుతున్న ఆరు నుంచి ఎనిమిది నెలల పసివాళ్లు హిందీలోని ఈ రెండు ధ్వనుల తేడాను దాదాపు అందరూ పసిగట్టగా, పది నుంచి పన్నెండు నెలల వయసువారిలో ఆ శక్తి చాలావరకు అణగిపోయినట్టు తేలింది. పుట్టినప్పుడు లోకంలోని ఏ భాషకైనా సిద్ధంగా ఉన్న చెవి, ఏడాది తిరిగేసరికి ఇంటిభాషకు అవసరమైన తేడాలను పదునుపెట్టుకుని మిగిలినవాటిని పట్టించుకోవడం మానేస్తుందన్నమాట. ఇంగ్లీషులో పెదవులు గుండ్రంగా చుట్టి పలికే వకారానికి, పైపళ్లు కింది పెదవిని తాకగా పలికే వకారానికి ఉన్న తేడాను పాటించడానికి తెలుగువారు ఎందుకంత శ్రమపడతారో దీనివల్ల కొంత బోధపడుతుంది. తెలుగు వకారం ఆ రెండింటికీ ఒక్కటే చాలునని చెవికి ముందే నేర్పి ఉంటుంది.

ఇది వినగానే ఊయల పక్కనే ఫ్రెంచి పాటలు మోగించాలనుకునే తల్లిదండ్రులు, అమెరికా పరిశోధకురాలు పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రకటించిన ఫలితాన్ని కూడా వినవలసి ఉంది. తొమ్మిది నెలల అమెరికన్ శిశువులతో చైనా మాండరిన్ మాట్లాడేవారు పన్నెండు విడతలు, విడతకు 25 నిమిషాల చొప్పున ఆడిపాడితే, ఆ శిశువులు తమ ఇంటిభాషలో లేని మాండరిన్ ధ్వనుల తేడాను పట్టుకోగలిగారు. అదే వ్యక్తులను, అదే మాటలను తెరమీద చూపినప్పుడు, లేదా శబ్దం మాత్రమే వినిపించినప్పుడు, ఏమీ నేర్చుకోలేదు. కళ్లలోకి చూసి నవ్వే మనిషి లేనిచోట శిశువు చెవికి పరభాష వట్టి చప్పుడుగానే మిగిలిపోతుంది. టాబ్లెట్ ముందు కూర్చోబెడితే రెండేళ్ల పిల్లవాడికి స్పానిష్ వస్తుందని చెప్పే ప్రకటనలను ఈ ఒక్క ప్రయోగంతోనే సందేహించవచ్చు.

ధ్వనులను దాటి వ్యాకరణానికి వస్తే, ఎక్కువగా ఉదహరించబడేది జాక్వెలిన్ జాన్సన్, ఎలిసా న్యూపోర్ట్ 1989లో చేసిన అధ్యయనం. కొరియన్, చైనీస్ మాతృభాషలుగా కలిగి, మూడేళ్ల నుంచి 39 ఏళ్ల మధ్య వయసులో అమెరికాకు వలసవచ్చిన 46 మందికి ఇంగ్లీషు వాక్యాలు వినిపించి, ఏది సాధువో ఏది అసాధువో చెప్పమని వారు అడిగారు. ఏడేళ్లలోపు వచ్చినవారు అక్కడే పుట్టినవారితో సమానంగా నిలవగా, ఆపైన యౌవనం వరకు వచ్చినవారిలో వయసు పెరిగేకొద్దీ ఫలితం తగ్గుతూ పోయింది. అంతకన్నా పెద్దయ్యాక వచ్చినవారి ఫలితాలు వయసుతో సంబంధం లేకుండా మనిషికొక తీరుగా ఉన్నాయి. 2018లో జాషువా హార్ట్‌షోర్న్, జాషువా టెనెన్‌బామ్, స్టీవెన్ పింకర్ సుమారు 6,70,000 మంది ఇంటర్నెట్‌లో రాసిన వ్యాకరణ పరీక్షను విశ్లేషించి, వ్యాకరణాన్ని గ్రహించే శక్తి దాదాపు 17 ఏళ్ల వరకు నిలకడగా ఉండి ఆ తర్వాతే పడిపోతుందని, అయితే నేర్వడానికి ఏళ్లు పడుతుంది కనుక మాతృభాషీయులతో సమానం కాదలచినవారు 10 నుంచి 12 ఏళ్లలోపు మొదలుపెట్టాలని తేల్చారు. అందరికీ కలిపి ఒకే గీత గీయడం సరికాదని ఆ సమాచారాన్నే తిరగదోడి వాదించిన పరిశోధకులూ లేకపోలేదు. ఏమైనా, ఆరేళ్లు నిండితే ఆలస్యమైపోయిందన్న భయానికి ఇంత పెద్ద పరిశీలనలో చోటు దొరకలేదు.

ఈ అధ్యయనాలన్నింటిలో చదువరి కన్ను తప్పించుకునే విషయం ఒకటుంది: నేర్చినవారిలో అధికులు ఆ భాష చుట్టూ ఆవరించి ఉన్నచోట బతికినవారు. అలాంటిచోట చిన్నతనం చేసే మేలును తెలుగునాట చూడడానికి ప్రయోగశాల అవసరం లేదు; చిత్తూరు సరిహద్దున తమిళం, అనంతపురం పొలిమేరన కన్నడం, ఆదిలాబాద్ వైపు మరాఠీ, ఇచ్ఛాపురం దగ్గర ఒడియా, హైదరాబాదు పాతబస్తీ చుట్టుపక్కల ఉర్దూ, పిల్లలకు ఎవరూ పాఠంగా చెప్పకుండానే వస్తాయి. అయితే ఇలా ఆవరించి ఉన్నచోట కూడా మొదట్లో ముందుండేది చిన్నవాళ్లు కారు. కేథరిన్ స్నో, మరియన్ హుఫ్‌నాగెల్-హోలే 1978లో ప్రచురించిన అధ్యయనంలో, నెదర్లాండ్స్‌కు వచ్చి డచ్ భాష నేర్చుకుంటున్న ఇంగ్లీషు కుటుంబాలలో తొలి నెలల్లో అందరికంటే వేగంగా నేర్చినవారు 12 నుంచి 15 ఏళ్ల కౌమారులు. అందరికంటే వెనుకబడినవారు మూడు నుంచి ఐదేళ్ల పసివాళ్లు. కాబట్టి వేగం వేరు, చివరకు చేరే మెట్టు వేరు. పెద్దవాడు త్వరగా బయలుదేరుతాడు. చిన్నవాడు నింపాదిగా నడిచి, ఏళ్లు గడిచాక అతనిని దాటిపోతాడు.

ఈ తేడాకు కారణం నేర్చే తీరులో ఉంది. పసివాళ్లది అప్రయత్న అభ్యసనం, అంటే సూత్రం తెలియకుండానే వేలసార్లు విని వాడుక పట్టుకోవడం. దానికి అపారమైన వినికిడి కావాలి. పది, పన్నెండేళ్లు వచ్చినవారిలో సప్రయత్న అభ్యసనం బలపడుతుంది, అంటే సూత్రాన్ని అర్థం చేసుకుని, పోల్చుకుని, రాసుకుని, కావాలని వాడి చూసుకోవడం; దీనికి వినికిడి కొద్దిగా ఉన్నా పని జరుగుతుంది. మొదటి పద్ధతికి ఆహారమైన వినికిడిని బడి పీరియడు ఎన్నటికీ అందించలేదు గనుక, చిన్నతనపు మేలు తరగతి గది గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇది ఊహ కాదని బడులలో జరిగిన పరిశీలనలు పదేపదే చూపాయి. 1964 నుంచి 1974 వరకు ఇంగ్లండ్, వేల్స్‌లలో ఎనిమిదేళ్లకే ఫ్రెంచి మొదలుపెట్టించి, 11 ఏళ్లకు మొదలుపెట్టిన పిల్లలతో పోల్చి చూసిన క్లేర్ బర్‌స్టల్ బృందం, 16 ఏళ్లు వచ్చేసరికి ముందు మొదలుపెట్టినవారికి విని అర్థం చేసుకోవడంలో తప్ప మరెందులోనూ ఆధిక్యం మిగలలేదని నివేదించింది. ఆ నివేదిక చాలామందికి రుచించలేదు. తర్వాత స్పెయిన్‌లో ఇంగ్లీషు ప్రారంభ వయసు 11 నుంచి 8కి దిగినప్పుడు, కార్మెన్ మున్యోజ్ నాయకత్వంలో బార్సిలోనా విశ్వవిద్యాలయ పరిశోధకులకు ఒక అరుదైన అవకాశం చిక్కింది. అవే బడులు, అవే ఇళ్లు, మారినది వయసు ఒక్కటే. రెండు వర్గాల పిల్లలనూ 200 గంటల పాఠం తర్వాత ఒకసారి, 416 గంటల తర్వాత మరోసారి, 726 గంటల తర్వాత ఇంకోసారి పరీక్షించినప్పుడు, సమానమైన గంటలకు ఆలస్యంగా మొదలుపెట్టినవారే చాలా పరీక్షల్లో ముందున్నారు. ఎక్కువకాలం గడిస్తే చిన్నవాళ్లు దాటిపోతారన్న ఆశ కూడా అక్కడ నెరవేరలేదు. స్విట్జర్లాండ్‌లో సిమోన్ ఫెన్నింగర్, డేవిడ్ సింగిల్టన్ ఎనిమిదేళ్లకు, పదమూడేళ్లకు ఇంగ్లీషు మొదలుపెట్టినవారిని ఏళ్ల తరబడి గమనించి, వెనుక వచ్చినవారు కొద్ది నెలల్లోనే ముందున్నవారిని అందుకున్నారని, పిల్లల ఆసక్తి, ఇంట్లో చదువు వాతావరణం, మాతృభాషలో రాతపట్టు వయసు కంటే బలమైన కారణాలని తేల్చారు.

గంటల లెక్క చేతిలోకి తీసుకుంటే ఇందులో వింతేమీ లేదు. వారానికి 45 నిమిషాల పీరియడ్లు మూడు, సంవత్సరానికి 40 వారాలు అనుకుంటే, ఏడాది మొత్తానికి పరభాష దక్కించుకునేది 90 గంటలు. రోజుకు 12 గంటలు మేలుకుని ఉండే శిశువు తన భాష మధ్య అంత కాలాన్ని ఎనిమిది రోజులలోపే గడుపుతుంది. పైగా ఆ 90 గంటలలో హాజరు పిలవడం, నోటుపుస్తకాలు దిద్దడం, పరీక్షలకు బట్టీ పట్టించడం పోగా, పిల్లవాడి నోటి నుంచి వెలువడే వాక్యాలెన్ని? అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు ఫ్రెంచి, స్పానిష్ వంటి భాషలలో వృత్తికి తగిన పట్టు రావడానికి 600 నుంచి 750 తరగతి గంటలు, జపనీస్, అరబిక్, చైనీస్ వంటి వాటికి 2,200 గంటలు అవసరమని లెక్కవేస్తుంది. వారంతా పెళ్లయి, పిల్లలున్న వయసులో నేర్చేవారే. వారు ఏడాది తిరగకుండా ముగించే 700 గంటలను బడి ఎనిమిదేళ్ల మీద చల్లుతుంది. అలా చల్లినదానిలో ప్రతి వేసవి సెలవుకూ కొంత ఆవిరైపోతుంది.

చిన్నతనంలో అబ్బినది త్వరగా చెరిగిపోతుందన్న సంగతి కూడా చిన్నతనాన్ని కీర్తించేవారు సాధారణంగా ప్రస్తావించరు. మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసులో కొరియా నుంచి ఫ్రాన్స్‌కు దత్తు వెళ్లినవారిని పెద్దయ్యాక క్రిస్టోఫ్ పాలియే బృందం పరీక్షించినప్పుడు, అనర్గళంగా మాట్లాడుతుండవలసిన వయసులో విడిచివచ్చిన తమ భాషను వారు తెలియని ఇతర భాషల నుంచి వేరుచేసి గుర్తించలేకపోయారు. నెదర్లాండ్స్‌లోని అటువంటి దత్తపిల్లల మీద 2017లో వెలువడిన అధ్యయనం, మళ్లీ నేర్పితే వారు కొరియన్ ధ్వనులను ఇతరులకంటే మెరుగుగా పట్టుకుంటారని చూపింది గనుక, జాడ బొత్తిగా లేకుండా పోదని చెప్పవచ్చు. కానీ మాతృభాషే వాడుక లేక అంతగా మరుగునపడినప్పుడు, రెండో తరగతిలో మొదలై నాలుగో తరగతిలో ఆగిపోయిన జర్మన్ ఎంతకాలం నిలుస్తుంది? మనదేశంలో ఈ ఆగిపోవడం సర్వసాధారణం. కేంద్రీయ విద్యాలయాలలో మూడో భాషగా సాగుతున్న జర్మన్‌ను 2014లో విద్యాసంవత్సరం మధ్యలోనే తొలగించి సంస్కృతాన్ని ప్రవేశపెట్టిన ఉదంతం అందరికీ తెలిసినదే. ఆ నిర్ణయం సబబా కాదా అన్న చర్చ ఎటు తిరిగినా, పిల్లల గంటలు మాత్రం వృథా అయ్యాయి.

వయసు నిజంగా క్షమించని భాష ఒకటే, అది మొదటి భాష. పుట్టుకతో వినికిడి లేక, సంజ్ఞాభాష కూడా అందక, ఏ భాషా లేకుండా బాల్యం గడిపినవారు తర్వాత సంజ్ఞాభాష నేర్చినా, ముందే ఒక భాష కలిగి ఉండి ఆలస్యంగా దానిని నేర్చినవారి స్థాయికి రాలేకపోతారని రేచల్ మేబెరీ పరిశోధనలు చూపాయి. మొదటి భాష బలంగా ఉంటే రెండోది ఆలస్యమైనా నిలబడుతుంది. కెనడా విద్యావేత్త జిమ్ కమిన్స్ 1979 నుంచి చేస్తూ వచ్చిన ప్రతిపాదన కూడా ఈ దారిలోదే: ఆటలోనో అంగడిలోనో పనికివచ్చే సంభాషణ పట్టు వేరు, పాఠ్యపుస్తకంలోని కార్యకారణాలను గ్రహించి రాయగల విద్యాభాషా పట్టు వేరు; రెండోది ఒక భాషలో కుదిరితే మరో భాషకు బదిలీ అవుతుంది, ఏ భాషలోనూ కుదరకపోతే బదిలీకి ఏమీ ఉండదు. భారతదేశంలో 1966లో నివేదిక సమర్పించిన కొఠారీ కమిషన్, మాతృభాషపై తగిన పట్టు వచ్చాకే, అంటే ఐదో తరగతికి ముందు కాకుండా, ఇంగ్లీషు మొదలుపెట్టాలన్నది ఈ వివేకంతోనే.

ఆ వివేకం తెలుగు రాష్ట్రాలలో నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకటి నుంచి ఆరో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. తెలంగాణ ప్రభుత్వ బడులలో 2022–23 నుంచి ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం మొదలైంది. పేదపిల్లలకు ఇంగ్లీషు అందకూడదా అన్న ప్రశ్నలోని న్యాయాన్ని కాదనలేము. డబ్బున్నవారి బడులు దశాబ్దాలుగా అదే మాధ్యమంలో నడుస్తున్నాయి. అయినా భాషను నేర్పడం, ఆ భాషలోనే లెక్కలు, విజ్ఞానం నేర్పడం వేర్వేరు పనులన్నది ఆ చర్చలో తరచుగా మరుగునపడింది. మాధ్యమాన్ని సమర్థించేవారు కెనడాలోని సెయింట్ లాంబర్ట్ పట్టణాన్ని ఉదహరించడం కద్దు; అక్కడ 1965లో ఇంగ్లీషు పిల్లలకు శిశుతరగతి నుంచే చదువంతా ఫ్రెంచిలో చెప్పగా, వారి ఇంగ్లీషు చెడలేదు, ఫ్రెంచి బాగా వచ్చింది. కానీ ఆ పిల్లల మాతృభాష ఖండమంతటా ఏలుతున్న భాష, వారి ఇళ్లలో పుస్తకాలున్నాయి, ఉపాధ్యాయులకు ఫ్రెంచి సొంతభాష, తల్లిదండ్రులు కోరి ఆ తరగతిని పెట్టించుకున్నారు. ఈ నాలుగింటిలో ఒక్కటీ లేని పల్లెబడిలో అదే ఫలితాన్ని ఆశించడం పిల్లల మీద మోయలేని భారం మోపడమే.

విదేశాలలోని తెలుగు కుటుంబాలకు ఈ కథ తలకిందులుగా ఎదురవుతుంది. అమెరికాలో పుట్టిన బిడ్డకు మొదటి మూడు, నాలుగేళ్లు ఇంట్లో తెలుగే వినిపించినా, బడిలో చేరిన కొద్దికాలానికే తల్లి తెలుగులో అడిగినదానికి ఇంగ్లీషులో బదులివ్వడం మొదలుపెడుతుంది. సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి వంటి వారాంతపు తరగతులు చేస్తున్న మేలు చిన్నది కాదు. అవి అక్షరాలను, చదవడాన్ని, తోటి తెలుగు పిల్లల సావాసాన్ని ఇస్తాయి. అయితే వారానికి ఒకసారి జరిగే తరగతి రోజువారీ మాటకు ప్రత్యామ్నాయం కాజాలదు. ఇక్కడ మాత్రం చిన్నతనమే సరైన వయసు, ఎందుకంటే కావలసిన వినికిడిని ఇవ్వగల మనుషులు ఆ ఇంట్లోనే ఉన్నారు. అమ్మమ్మ, తాతయ్య వీసా మీద వచ్చి ఉండే ఆరు నెలలను కొన్ని ఇళ్లలో వంటకు, పిల్లల కాపలాకు ఎంత వాడుకుంటారో మాటకు అంత వాడుకోరు.

ఆలస్యంగా మొదలుపెట్టి ఉన్నతస్థాయికి చేరినవారు మినహాయింపులే అయినా, వారివల్ల ఒక సంగతి తెలుస్తుంది. 1798లో కలకత్తాలో పుట్టిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ మద్రాసు చేరి తెలుగు మొదలుపెట్టినది 1817లో, పందొమ్మిదో ఏట; 1852లో అచ్చయిన ఆయన నిఘంటువును నేటికీ తెలుగువారే తిరగేస్తున్నారు. పోలండ్‌వాడైన జోసెఫ్ కాన్రాడ్ ఇరవై ఏళ్లు వచ్చాక ఇంగ్లీషు నేర్చి, ఆ భాషలో ప్రథమశ్రేణి నవలాకారుడయ్యాడు. మాట్లాడితే మాత్రం పోలిష్ యాస చివరివరకు వదలలేదు. ఉచ్చారణ మీద వయసుకున్న పెత్తనం పదసంపద మీద, రచన మీద లేదు. బ్రౌన్‌కు బాల్యంలోనే తండ్రి అనేక భాషలు పరిచయం చేసి ఉండడం తోడ్పడి ఉండవచ్చు. తెలుగు మాత్రం ఆయనకు ఉద్యోగంతో వచ్చిన అవసరం, ఆపైన తీరని మక్కువ.

వీటన్నిటినీ దగ్గర పెట్టుకుని చూస్తే, ఇంట్లోనో వీధిలోనో ఆ భాష మాట్లాడే మనిషి ఉంటే పుట్టిననాటి నుంచే మొదలుపెట్టవచ్చు, అంతకంటే మంచి వయసు లేదు. అలాంటి మనిషి లేక, తరగతి గది ఒక్కటే ఆధారమైనప్పుడు, తెలుగు ధారాళంగా చదివి, సొంతంగా ఒక పేజీ రాయగల పది, పన్నెండేళ్ల వయసు ఫ్రెంచికైనా జర్మన్‌కైనా జపనీస్‌కైనా తగినది. అప్పుడు వారానికి మూడు కాక ఆరు పీరియడ్లు ఇచ్చి, కనీసం ఐదేళ్లు ఆగకుండా కొనసాగించాలి. 2020 జాతీయ విద్యావిధానం కొరియన్, జపనీస్, ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ వంటి పరభాషలను ఉన్నత పాఠశాల దశలో ఇవ్వాలనడం ఈ మేరకు సరైన ఆలోచనే. ఎల్‌కేజీలోనే మూడో భాష నేర్పుతామని చెప్పే బడి గుమ్మంలో తల్లిదండ్రులు అడగవలసినవి మూడు ప్రశ్నలు: ఆ భాష చెప్పేవారు దానిని ధారాళంగా మాట్లాడగలరా, ఏడాదికి ఎన్ని గంటలు చెబుతారు, పదో తరగతి వరకు ఆ పాఠం కొనసాగుతుందా. వీటిలో ఒక్కదానికి సరైన జవాబు రాకపోయినా, ఆ రుసుముతో పిల్లలకు తెలుగు కథల పుస్తకాలు కొనిపెట్టడం మేలు.